ఏ కంప్యూటర్‌లో పెట్టినా తెరుచుకునేలా ఫోల్డర్లను డిస్క్‌లోకి రైట్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా చిన్నాన్న కూతురి పెళ్లి ఫొటోలు నేనే డీవీడీలో రైట్ చేసి ఇచ్చాను. నా కంప్యూటర్‌లో ఉన్నది ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్. మంగళస్నానం, గౌరీపూజ, తలంబ్రాలు, అప్పగింతలు అని ఫోల్డర్లకు తెలుగులోనే పేర్లు పెట్టాను. రైట్ చేశాక నా దగ్గరే తెరిచి చూసుకుంటే అన్నీ చక్కగా ఉన్నాయి. నాలుగు రోజులకు చెల్లి ఫోన్ చేసింది: "అన్నయ్యా, ఇందులో పేర్లే లేవు, అన్నీ గీతలే ఉన్నాయి." వాళ్లింట్లో ఉన్నది విండోస్. ఫొటో ఒక్కటీ పోలేదు. కానీ ఫోల్డర్ల పేర్ల స్థానంలో అడుగుగీతలు, వాటి చివర 000, 001 అని అంకెలు. తలంబ్రాల ఫొటో కావాలంటే అన్ని ఫోల్డర్లూ వెతుక్కోవాల్సిందే.

రైట్ చేసేటప్పుడు ఒక్క గడిలో టిక్ పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు. అప్పటినుంచి బంధువులూ స్నేహితులూ నన్ను అడుగుతూ వస్తున్న ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఒకే డిస్క్ విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ తెరుచుకుంటుందా?

తెరుచుకుంటుంది. డిస్క్‌లో ఫైళ్ల పేర్లు రాసే పద్ధతులు కొన్ని ఉన్నాయి: ఐఎస్‌ఓ 9660, దానిమీద జోలియెట్, రాక్ రిడ్జ్ ఈ మూడూ ఉండేలా రైట్ చేయండి. డీవీడీ అయితే యూడీఎఫ్ అనే ఇంకో పద్ధతి కూడా చేర్చండి. చివర్లో, ఇక ఏదీ చేర్చే వీల్లేకుండా డిస్క్‌ను క్లోజ్ చేయండి. ఇచ్చేముందు వేరే సిస్టమ్ ఉన్న కంప్యూటర్‌లో ఒకసారి పెట్టి చూడండి. తొందరలో ఉన్నవాళ్లకు ఇంతే చాలు.

నా దగ్గర బాగున్న పేర్లు ఇంకొకరి దగ్గర ఎందుకు పాడవుతాయి?

మన ఊళ్లలో ఒకే మనిషికి రేషన్ కార్డులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉంటాయి. మనిషి మాత్రం ఒక్కరే. డిస్క్‌లో ఫైళ్లూ అంతే. ఫొటో డిస్క్ మీద ఒక్కచోటే రాసి ఉంటుంది. దాని పేరు మాత్రం మూడు నాలుగు పట్టికల్లో వేర్వేరుగా రాయొచ్చు. ఏ సిస్టమ్ ఏ పట్టిక చదువుతుందన్నదే అసలు విషయం.

మొదటి పట్టిక ఐఎస్‌ఓ 9660. 1988లో వచ్చిన ప్రమాణం ఇది. దాని మొదటి స్థాయిలో పేరుకు 8 అక్షరాలు, చుక్క, తర్వాత 3 అక్షరాలు. అవీ ఇంగ్లిష్ పెద్దక్షరాలు, అంకెలు, అడుగుగీత మాత్రమే. రెండో స్థాయిలో పేరు 31 అక్షరాల దాకా సాగుతుంది. ఫోల్డర్‌లో ఫోల్డర్ చొప్పున 8 అంతస్తుల వరకే లోతు. తెలుగుకు అందులో చోటే లేదు. అందుకే మా చెల్లికి గీతలు కనబడ్డాయి.

విండోస్ 95 కాలంలో మైక్రోసాఫ్ట్ జోలియెట్‌ను తెచ్చింది. ఇది యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ చోటున్న పద్ధతిలో, పేర్లు రాసే రెండో పట్టిక. పేరుకు 64 అక్షరాల దాకా పడతాయి. విండోస్, మాక్, లినక్స్ మూడూ దీన్ని చదువుతాయి.

రాక్ రిడ్జ్ యునిక్స్ కుటుంబం (లినక్స్ లాంటి సిస్టమ్‌లు) కోసం పుట్టింది. పొడుగు పేర్లు, పెద్దక్షరం చిన్నక్షరం తేడా, ఫైల్ అనుమతులు, ఇంకో ఫైలుకు దారి చూపే సింబాలిక్ లింకులు అన్నీ ఇందులో నిలబడతాయి. డిస్క్‌లో రాక్ రిడ్జ్, జోలియెట్ రెండూ ఉంటే లినక్స్ రాక్ రిడ్జ్‌నే తీసుకుంటుంది. విండోస్‌కు మాత్రం రాక్ రిడ్జ్ అసలు తెలియదు. నేను రాసిన డిస్క్‌లో ఉన్నవి ఐఎస్‌ఓ 9660, రాక్ రిడ్జ్ మాత్రమే. నా ఉబుంటు రాక్ రిడ్జ్ చదివి తెలుగు చూపించింది. చెల్లి విండోస్‌కు జోలియెట్ దొరక్క పాత పట్టిక చదివి గీతలు చూపించింది.

ఒక్క పట్టిక అదనంగా రాస్తే డిస్క్‌లో పట్టే చోటు చాలా తక్కువ, ఎందుకంటే పెరిగేది పేర్ల జాబితా మాత్రమే, ఫొటోలు కావు. చోటు మిగులుతుందని జోలియెట్ తీసేయకండి.

మరి యూడీఎఫ్ ఎందుకు?

డీవీడీల కోసం, ఆ తర్వాత బ్లూరే కోసం వాడుకలోకి వచ్చిన పద్ధతి ఇది. పొడుగు పేర్లు, యూనికోడ్, 4 జీబీ దాటిన ఫైళ్లు అన్నీ ఇందులో కుదురుతాయి. చిక్కల్లా వెర్షన్లతోనే. విండోస్ ఎక్స్‌పీ 2.01 వరకే చదువుతుంది, 2.50లో రాస్తే చదవలేదు. పాత కంప్యూటర్లకూ వెళ్లే డీవీడీ అయితే 1.02 ఎంచుకోండి. ఐఎస్‌ఓ 9660, యూడీఎఫ్ రెండూ ఒకే డిస్క్‌లో ఉండటాన్ని బ్రిడ్జ్ డిస్క్ అంటారు. నాకు నచ్చిన పద్ధతి అదే.

ఫైళ్లకు, ఫోల్డర్లకు తెలుగులో పేర్లు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పెట్టండి. మన పెళ్లి ఫొటోలకు మన మాటల్లోనే పేర్లుండటం నాకు ఇష్టం. కాకపోతే తెలుగు అక్షరాన్ని కంప్యూటర్ ఎలా లెక్కపెడుతుందో తెలిసి పెట్టండి.

"శ్రీనివాసకల్యాణం" అనే ఫోల్డర్ తీసుకుందాం. కంటికి శ్రీ, ని, వా, స, క, ల్యా, ణం అని 7 అక్షరాలు. కంప్యూటర్‌కు అలా కాదు. శ్రీ ఒక్కటే శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి కలిసి 4. ని అంటే 2, వా అంటే 2, స ఒకటి, క ఒకటి, ల్యా 4, ణం 2. మొత్తం 16. జోలియెట్‌లో 64 కాబట్టి ఇలాంటి మాటలు నాలుగు పెడితే హద్దు దగ్గరికి వచ్చేసినట్టే. రాక్ రిడ్జ్‌లో లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ పేరుకు 255 బైట్లు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి, అంటే ఈ ఒక్క మాటకే 48. మొత్తం మీద 85 గుర్తులు దాటకూడదు.

"మా అమ్మాయి పెళ్లిలో తలంబ్రాల తర్వాత అందరూ కలిసి దిగిన గ్రూపు ఫొటోలు 1", అలాగే "2" అని రెండు ఫోల్డర్లున్నాయనుకోండి. 64 దగ్గర తెగిపోతే చివరి అంకె పోయి రెండు పేర్లూ ఒకటే అవుతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్కడే ఆగి ఎర్రర్ చూపిస్తాయి, కొన్ని వాటంతట అవే పేరు మార్చేస్తాయి. అందుకే అంకె ముందు పెట్టండి: "01 తలంబ్రాలు", "02 అప్పగింతలు". తెగినా అంకె మిగులుతుంది, వరస కూడా చెడదు.

తెలుగులోనే ఇంకో సూక్ష్మం ఉంది. ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగా. పాత మాక్‌లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి పేర్లను విడగొట్టి దాచేది. "పైడితల్లి జాతర" అని విండోస్‌లో టైప్ చేసిన పేరూ ఆ మాక్ నుంచి వచ్చిన పేరూ కంటికి ఒక్కటే. కంప్యూటర్‌కు మాత్రం రెండు వేర్వేరు పేర్లు. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు కనబడి మీరు కంగారు పడితే కారణం ఇదే అయ్యుండొచ్చు. "ఫేస్‌బుక్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు వల్లా ఇదే జరుగుతుంది.

డిస్క్ లేబుల్‌ను మాత్రం ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో చిన్నగా పెట్టండి. జోలియెట్ లేబుల్‌కు 16 గుర్తులే చోటు. శ్రీనివాసకల్యాణం అందులో అంచు నుంచి అంచు వరకు సరిగ్గా సరిపోతుంది, పక్కన సంవత్సరం వేయడానికి చోటుండదు.

పేర్లలో ఏ గుర్తులు వాడకూడదు?

విండోస్ ఒప్పుకోనివి ఇవి: \ / : * ? " < > |. మాక్‌లో, లినక్స్‌లో వీటిలో కొన్ని పడతాయి కాబట్టి అక్కడ రైట్ చేసేవాళ్లకు ఈ సంగతి గుర్తుండదు. తేదీని 12/05 అనో, సమయాన్ని 10:30 అనో పేరులో రాయకండి, అడ్డగీత పెట్టండి. పేరు చివర చుక్క, ఖాళీ వదలకండి. లినక్స్‌లో చిన్నక్షరాల పేరూ పెద్దక్షరాల పేరూ రెండు ఫైళ్లు, విండోస్‌లో కాపీ చేస్తే ఒకటి ఇంకోదానిమీద పడుతుంది. ఫోల్డర్ల లోతు నాలుగైదు అంతస్తులు దాటనివ్వకండి. విండోస్‌లో మొత్తం దారి 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు కాపీ చేయలేక మొరాయిస్తాయి.

విండోస్‌లో ఖాళీ డిస్క్ పెడితే రెండు ఎంపికలు చూపిస్తోంది. ఏది నొక్కాలి?

"విత్ ఎ సీడీ ఆర్ డీవీడీ ప్లేయర్" అన్నది. ఇంకొకరికి ఇచ్చే డిస్క్ అయితే ప్రతిసారీ ఇదే. మొదటిది, "లైక్ ఎ యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్", డిస్క్‌ను పెన్‌డ్రైవ్‌లా వాడుకోవడానికి. అందులో ఫైళ్లు ఎప్పటికప్పుడు యూడీఎఫ్‌లో పడుతుంటాయి. మీ కంప్యూటర్‌లో బాగానే ఉంటుంది, పాత డ్రైవ్‌లో పెడితే ఖాళీ డిస్క్ అని చూపించొచ్చు. పొరపాటున అదే ఎంచుకుని ఉంటే డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి సెషన్ (ఒక విడతలో రాసిన భాగం) క్లోజ్ చేయండి, కొంత మెరుగు.

ఇంకా వివరంగా చూసుకుని రాయాలంటే ఇమ్‌గ్‌బర్న్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. దాని ఆప్షన్లలో ఫైల్ సిస్టమ్ దగ్గర ఐఎస్‌ఓ 9660, జోలియెట్, యూడీఎఫ్ మూడూ కలిసిన వరసను ఎంచుకోండి.

మాక్ నుంచి రైట్ చేస్తే విండోస్‌లో వస్తుందా?

వస్తుంది. ఫైండర్ నుంచి రాసే డిస్క్ హైబ్రిడ్. మాక్ కోసం ఒక పట్టిక, మిగతా వాటికోసం ఐఎస్‌ఓ 9660, జోలియెట్ పట్టికలు అందులో ఉంటాయి. విండోస్‌లో తెరిచినవాళ్లకు చుక్క, అడుగుగీతతో మొదలయ్యే చిన్న చిన్న ఫైళ్లు, డీఎస్ స్టోర్ అనే ఫైలు అదనంగా కనబడొచ్చు. వైరస్ అని భయపడతారు. అవి మాక్ తన లెక్కల కోసం రాసుకునేవి. ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పండి.

లినక్స్‌లో?

మా చెల్లి డిస్క్ కథంతా ఇక్కడిదే. డిస్కులు రాసే బ్రసెరో అనే ప్రోగ్రాములో విండోస్‌తో పొందిక పెంచే గడి ఒకటి ఉంటుంది, అందులో టిక్ ఉండాలి. అలాంటిదే అయిన కేత్రీబీలో ఫైల్ సిస్టమ్ దగ్గర "లినక్స్/యునిక్స్ ప్లస్ విండోస్" అన్నది ఎంచుకోండి. టెర్మినల్‌లో జెనిసోఇమేజ్ వాడేవాళ్లు రాక్ రిడ్జ్‌తో పాటు జోలియెట్ ఆప్షన్ కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే అది తనంతట తాను చేర్చదు.

జోలియెట్ డిస్క్‌ను చేత్తో మౌంట్ చేసినప్పుడు (టెర్మినల్‌లో ఆదేశమిచ్చి తెరిచినప్పుడు) తెలుగు పేర్ల బదులు ప్రశ్నార్థకాలు వస్తే డిస్క్ తప్పు కాదు. మౌంట్ చేసేటప్పుడు అక్షరాల పద్ధతి యూటీఎఫ్-8 అని చెప్పండి.

డిస్క్‌ను క్లోజ్ చేయడం, ఫైనలైజ్ చేయడం అంటే?

"ఇక ఇందులో ఏదీ చేర్చను" అని డిస్క్ మీద ముద్ర వేయడం. తెరిచి ఉంచితే తర్వాత ఇంకో సెషన్ చేర్చుకోవచ్చు. కానీ కొన్ని పాత డ్రైవ్‌లూ ప్లేయర్లూ మొదటి సెషన్ మాత్రమే చదువుతాయి. మీరు రెండోసారి చేర్చిన సీమంతం ఫొటోలు వాళ్లకు కనబడవు. ఖాళీ సీడీ ధరకు ఈ తలనొప్పి దండగ. ఇంకోసారి రాయాల్సి వస్తే ఇంకో డిస్క్ తీసుకోండి.

ఐఎస్‌ఓ ఫైలును డిస్క్‌లో రాశాను, తెరిస్తే మళ్లీ అదే ఫైలు కనబడుతోంది. ఎందుకు?

ఫైలును ఫైలులాగే కాపీ చేశారు. ఐఎస్‌ఓ అంటే మొత్తం డిస్క్‌కు నకలు. దాన్ని డిస్క్‌గా పరిచి రాయాలి. విండోస్ 7 నుంచి ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే "బర్న్ డిస్క్ ఇమేజ్" వస్తుంది. అదే నొక్కండి.

4.7 జీబీ డీవీడీలో 4.5 జీబీ ఫోల్డర్ పట్టట్లేదు. మోసమా?

కాదు. తయారీదార్లు వెయ్యి చొప్పున లెక్కపెడతారు, విండోస్ 1024 చొప్పున. డబ్బామీది 4.7 విండోస్‌లో 4.38. డ్యూయల్ లేయర్ 8.5 అంటే 7.95. సీడీ అయితే 700 ఎంబీ. మాక్, డిస్కుల తయారీదార్లలాగే వెయ్యి చొప్పున చూపిస్తుంది కాబట్టి రెండు కంప్యూటర్లలో ఒకే ఫోల్డర్ సైజు వేర్వేరుగా కనబడుతుంది.

ఒక్క వీడియోనే 4 జీబీ దాటితే అది వేరే సంగతి. ఐఎస్‌ఓ 9660లో అంత ఫైలును ముక్కలుగా రాయాలి, అది అన్ని సిస్టమ్‌లలో సరిగా చదవబడదు. యూడీఎఫ్‌లో రాయండి, లేదా వీడియోనే రెండు భాగాలు చేయండి.

టీవీ దగ్గరి ప్లేయర్‌లో, కారులో ఆడుతుందా?

ఫోల్డర్లు రాసినంత మాత్రాన ఆడదు. డీవీడీ ప్లేయర్ తన పద్ధతిలో తయారుచేసిన వీడియో డిస్క్ కోసం చూస్తుంది, దాన్ని డీవీడీ ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌తో చేయాలి. కారులో ఎంపీ3 పాటలకైతే సీడీ తీసుకుని ఐఎస్‌ఓ 9660, జోలియెట్‌తో రాసి క్లోజ్ చేయండి, యూడీఎఫ్ వద్దు.

పేర్లు బాగానే వచ్చాయి, కానీ ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలు. ఇదేంటి?

ఇది డిస్క్ తప్పు కాదు, ఫాంటు తప్పు. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో టైప్ చేసిన పెళ్లి పత్రికలు, పుస్తకాలు, కరపత్రాలు లెక్కలేనన్ని. వాటిలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లిష్ గుర్తుల స్థానంలో తెలుగు బొమ్మలు వేసుకున్న ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగంతా పోయి గుర్తులు మిగులుతాయి. ఫాంట్లు లోపలే ఇమిడేలా పీడీఎఫ్ చేసి అసలు ఫైలు పక్కనే పెట్టండి. మీ నాన్నగారి వ్యాసాలో, తాతగారి పద్యాలో అను ఫాంట్లలో ఉంటే, ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్ చేతిలో ఉండగానే ఈ పని చేయండి.

ఐఫోన్ ఫొటోలదీ ఇలాంటి సమస్యే. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫొటోలు హెచ్‌ఈఐసీ రకంలో పడుతున్నాయి, పాత విండోస్ వాటిని చూపించలేదు. డిస్క్‌లో పెట్టేముందు జేపెగ్‌లోకి మార్చండి.

స్కాన్ సెంటర్ ఇచ్చిన ఎంఆర్‌ఐ సీడీ మాక్‌లో తెరుచుకోవట్లేదు, పేర్లు కూడా ఏవో అంకెలు.

డిస్క్ పాడవలేదు. వైద్య చిత్రాల డైకామ్ ప్రమాణం కావాలనే ఐఎస్‌ఓ 9660 మొదటి స్థాయినే వాడుతుంది: 8 అక్షరాల పేర్లు, అన్నీ పెద్దక్షరాలు. ఏ ఆసుపత్రిలో ఏ యంత్రం పెట్టినా చదవగలగాలని. డిస్క్‌తో వచ్చే చూపే ప్రోగ్రాము చాలావరకు విండోస్‌దే అయ్యుంటుంది కాబట్టి మాక్‌లో కదలదు. చిత్రాలు మాత్రం చదవదగ్గవే. మాక్‌లో హోరోస్, లినక్స్‌లో వీసిస్ లాంటి ప్రోగ్రాముతో తెరవండి.

దయచేసి ఆ ఫైళ్ల పేర్లు మార్చకండి. డైకామ్‌డిర్ అనే ఫైలులో ఆ పేర్లతోనే పట్టిక ఉంటుంది. "అమ్మ మోకాలు 1" అని మార్చితే ఆ పట్టిక ప్రకారం వెతికే డాక్టరుగారి కంప్యూటర్‌కు చిత్రం దొరకదు. నకలు కావాలంటే మొత్తం డిస్క్‌నే ఐఎస్‌ఓగా తీసి ఇంకో డిస్క్‌లో రాయండి.

అన్నీ సరిగా పడ్డాయని ఎలా తెలుస్తుంది?

రైట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై ఉంటుంది, ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. సమయం దాదాపు రెట్టింపు పడుతుంది, పడనివ్వండి. ముఖ్యమైనవైతే ఫైళ్ల షా-256 విలువలు (ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువలు) ఒక టెక్స్ట్ ఫైలులో రాసి డిస్క్‌లోనే పెట్టండి. పదేళ్ల తర్వాత తీసినవాళ్లు ఒక్క ఫొటో అయినా చెడిందేమో దాంతో పోల్చి చూసుకోవచ్చు. కోర్టుకు ఇచ్చే డిస్కులకు ఇది మరీ అవసరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో హాష్ విలువ రాయడానికి చోటు పెట్టారు. అలాంటి డిస్క్ విషయంలో మీ న్యాయవాదిని అడిగి చేయండి.

కాపీ చేసుకున్న ఫైలు సేవ్ కావట్లేదు.

డిస్క్ నుంచి రీడ్ ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే అన్న గుర్తుతో వచ్చింది. విండోస్‌లో ప్రాపర్టీస్‌లో ఆ టిక్ తీసేయండి. లినక్స్‌లో రాసే అనుమతి ఇవ్వండి.

ఎలాంటి డిస్క్ కొనాలి, ఎలా దాచాలి?

దాచుకోవడానికైతే ఒక్కసారే రాసే రకం కొనండి, మళ్లీ మళ్లీ చెరిపి రాసేది వద్దు. 16ఎక్స్ అని రాసున్న డీవీడీని 8ఎక్స్‌లో రాస్తే చాలు, మరీ తగ్గించనక్కర్లేదు.

సీడీకి గీతలు కింది వైపు పడితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. నిజానికి సీడీలో సమాచారపు పొర ఉండేది పైన, లేబుల్ వైపు పల్చటి లక్క కిందే. అక్కడ బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాస్తే ఆ పొరే తెగుతుంది. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం. డిస్కుల కోసం అమ్మే మెత్తటి మార్కర్‌తో రాయండి, స్టిక్కర్ అంటించకండి. మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదలకండి. పెట్టెలో నిలబెట్టి, చీకటిగా, పొడిగా ఉన్న చోట పెట్టండి. రాసిన ఒక్క కాపీనే నమ్ముకోకండి.

మా అబ్బాయి దగ్గర ఉన్న ల్యాప్‌టాప్‌కు డ్రైవే లేదు. ఇప్పుడెలా?

2008లో మొదటి మాక్‌బుక్ ఎయిర్ డ్రైవ్ లేకుండా వచ్చినప్పటినుంచి ఇది మామూలైపోయింది. యూఎస్‌బీకి తగిలించే బయటి డ్రైవ్ ఒకటి కొంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. అదీ కుదరకపోతే డిస్క్‌ను ఐఎస్‌ఓగా తీసి పంపండి. విండోస్ 8 నుంచి, మాక్‌లోనూ దానిమీద రెండుసార్లు నొక్కితే డిస్క్ పెట్టినట్టే తెరుచుకుంటుంది. మా చెల్లికి నేను రెండోసారి రాసిన డీవీడీని వాళ్ల మరిది ఇప్పుడు డాలస్‌లో అలాగే చూస్తున్నాడు. తలంబ్రాలు అన్న ఫోల్డర్ అక్కడ మాక్‌లోనూ తలంబ్రాలు అనే కనబడుతోంది.